అమ్మ తెరిచిన సొరుగు

నా చిన్నప్పుడు మా కుటుంబానికి నెల రోజులపాటు ఒక పార్కింగ్ స్థలం దక్కింది. కారు ఆపుకునే చోటు గురించి అంత గొప్పగా చెప్పుకోవడం ఏమిటని నవ్వుకునేవాళ్లు జనవరి నెలలో ఒక్కసారి మిషిగన్ వచ్చి చూడాలి. మేముండే నోవైలో ఆ రోజుల్లో మంచు పడిందంటే తెల్లారేసరికి కారు మీద జానెడు మందాన పేరుకునేది. దాన్ని గీకి, కారు వేడెక్కేదాకా ఆగి, జారే రోడ్డు మీద ఫ్యాక్టరీ చేరి, అక్కడ మళ్లీ చివరి వరుసలో కారు ఆపి, గాలికి ఎదురు నడిచి లోపలికి వెళ్లాలి. మా నాన్న రెండేళ్లు అలాగే నడిచారు. ఇంటికొచ్చేసరికి ముక్కు, చెవులు ఎర్రగా ఉండేవి. అలాంటి మనిషికి ఫ్యాక్టరీ తలుపు పక్కనే, పది అడుగుల దూరంలో, పేరు రాసిన బోర్డు పెట్టి ఒక చోటు ఇచ్చారు. ఆ నెలకు ఉత్తమ ఉద్యోగి ఆయనేనట.

నాకప్పుడు పదేళ్లు. విజయవాడ నుంచి వచ్చి రెండేళ్లయింది. నాన్న పనిచేసే ఫ్యాక్టరీలో ఇనుపరేకుల్ని పెద్ద పెద్ద ప్రెస్సుల కింద పెట్టి నొక్కి కారు తలుపుల భాగాలు చేసేవారు. రేకుకు ఆకారం ఇచ్చే ఉక్కు అచ్చును డై అంటారు. తయారైన భాగాలు కొలతకు సరిపోయాయో లేదో చూడటం నాన్న ఉద్యోగం. డిసెంబరులో ఒక డైలో వెంట్రుకవాసి పగులు బయటపడింది. అది ముందుగా దొరక్కపోయి ఉంటే ప్రెస్సుతో సహా విరిగి, దగ్గరున్న మనుషులకు కూడా ప్రమాదం జరిగేదట. పగులు గురించి రిపోర్టు రాసింది నాన్న. అందుకే ఆ గౌరవం. ఒక సర్టిఫికెట్, గోడ మీద ఫోటో, తలుపు పక్క పార్కింగ్. డబ్బేమీ లేదు.

అమ్మకు కాలు ఒకచోట నిలవలేదు. నోవైలో, చుట్టుపక్కల అప్పట్లో మాకు తెలిసిన తెలుగు కుటుంబాలు పదో పన్నెండో ఉండేవి. ఒక్క సాయంత్రంలో అందరికీ ఫోన్లు వెళ్లిపోయాయి. "బోర్డు మీద పేరు రాశారంట ఆంటీ" అని నాచేత కూడా చెప్పించింది. అయితే ఎవరి గురించి ఇంత సంబరం జరుగుతోందో ఆ మనిషి మాత్రం అన్నం ముందు కూర్చుని కంచంలో గీతలు గీస్తున్నారు. మొదటి రెండు రోజులు కారును ఎప్పటిలాగే చివరి వరుసలో ఆపి వచ్చారని తెలిసి అమ్మ కోప్పడింది. అప్పుడు చెప్పారు అసలు సంగతి.

పగులును కనిపెట్టింది నాన్న కాదు. ఫ్యాక్టరీలో డైలు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉండేవారు. ఆయన నడుస్తున్న ప్రెస్సు పక్కన నిలబడి, దాని ఒంటి మీద అరచెయ్యి ఆనించి, చప్పుడు తేడాగా ఉంది, ఆపండి అన్నారట. నాన్న రెండు గంటలు కొలతలు తీశాక గానీ పగులు కనబడలేదు. "మరి రిపోర్టులో ఆయన పేరు రాయలేదా?" అని అడిగింది అమ్మ. నాన్న తల వంచుకున్నారు. ఆయన చదువుకున్న కాలేజీలో ల్యాబ్ రికార్డు రాసేటప్పుడు ఏం జరిగిందో రాయాలే తప్ప ఎవరు చేశారో రాయకూడదని నేర్పారు. ఆ అలవాటుతో ఇక్కడా అలాగే రాశారు. పేరు లేని రిపోర్టును ఎవరు తెచ్చిచ్చారో ఆయన పేరే బోర్డు ఎక్కింది.

వెళ్లి నిజం చెప్పేద్దామని నాన్నకు ఉంది. కానీ భయం. మా గ్రీన్ కార్డు కాగితాలు అప్పుడే కదిలాయి. వరంగల్ నుంచి వచ్చి నాన్నతోపాటే పనిచేసే అంకుల్ ఫోన్లో గట్టిగానే చెప్పారు. "అన్నా, గమ్మునుండు. ఫైల్ మూవ్ అవుతున్న టైమ్‌ల పోయి నేను కాదు, వేరేటోళ్లు అంటే నిన్ను ఏమనుకుంటరు? నెల రోజులైతే బోర్డు వాళ్లే తీసేస్తరు" అన్నారు. నాన్న గమ్మునే ఉన్నారు. మర్నాటి నుంచి కారు మాత్రం తలుపు పక్కనే ఆపారు. అమ్మకు చాలు.

చాలు అని ఊరుకునే మనిషి కాదు మా అమ్మ. కొత్త బండి కొంటే పూజ చేయించమా, మరి ఇంత మంచి చోటు వస్తే కొబ్బరికాయ అయినా కొట్టకపోతే ఎలా అంది. "అది ఫ్యాక్టరీ, గుడి కాదు" అని నాన్న అంటూనే ఉన్నారు, ఆదివారం మధ్యాహ్నం మూడు కుటుంబాలు, రెండు కార్లు బయల్దేరాయి. ఆదివారం కాబట్టి పార్కింగ్ అంతా ఖాళీ. అమ్మ పట్టుచీర కట్టుకుని, పైన నాన్న పాత కోటు తొడుక్కుని, కింద మంచు బూట్లు వేసుకుంది. అపార్ట్‌మెంట్లో మా పక్కింటి ఆంటీ ప్లాస్టిక్ బంతిపూల దండ తెచ్చింది. బోర్డుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, దండ వేశారు. నాన్నను బోర్డు పక్కన నిలబెట్టి ఫోటోలు తీశారు. ఆ ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ నాన్న నవ్వలేదు.

తర్వాత కొబ్బరికాయ వంతు వచ్చింది. గట్టిగా నేలకేసి కొడితే అది మంచు మీద జర్రున జారి ఇరవై గజాలు పోయింది. పిల్లలం వెంటపడి పట్టుకొచ్చాం. మళ్లీ కొడితే మళ్లీ జారింది. మూడోసారి మంచు కుప్పలోకి దూరి కనబడకుండా పోయింది. మేం దాన్ని తవ్వి తీస్తుండగా ఫ్యాక్టరీ తలుపు తెరుచుకుంది. ఒక పెద్దాయన కుంటుకుంటూ, నడుమెత్తు ఉన్న ఎర్రటి ఇనుపపెట్టెను చక్రాల మీద తోసుకుంటూ బయటికి వచ్చారు. పెట్టెకు పై నుంచి కింది దాకా సొరుగులే. ఆయన బోర్డును, దండను, పట్టుచీరను, కొబ్బరికాయను వరుసగా చూసి ఆగిపోయారు.

నాన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయనే ఈయనని నాకప్పుడే అర్థమైంది. అయితే నాన్న అంతలా కంగారుపడింది పూజ బయటపడినందుకు కాదు, ఆ పెట్టెను చూసి. ఆ పనిలో ఉన్నవాళ్ల పనిముట్లు వాళ్ల సొంతం, ఫ్యాక్టరీవి కావు. చేరిన రోజు పెట్టె తోసుకుని లోపలికి వెళ్తారు. మళ్లీ అది బయటికి వచ్చిందంటే మనిషి ఇక తిరిగి రాడని లెక్క. పని మానేస్తున్నట్టు శుక్రవారమే కాగితం ఇచ్చేశానని, కేకులు కోసే గొడవ లేకుండా ఎవరూ లేనప్పుడు వెళ్లిపోదామని ఆదివారం వచ్చానని ఆయన మెల్లగా చెప్పారు. ఇంకో నాలుగైదేళ్లు చేసే ఓపిక ఉంది గానీ చెయ్యాలని లేదట. బోర్డు మీద నాన్న పేరు వైపు ఒక్కసారి చూశారు, అంతే. నిష్ఠూరంగా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని నాన్న తర్వాత చాలాసార్లు అన్నారు.

మా చేతిలో పగలని కాయను చూసి ఆయనకు జాలేసినట్టుంది. సుత్తి కోసం పై సొరుగు లాగారు. లాగగానే అమ్మ తలెత్తింది.

"కర్పూరం వాసన!"

నిజమే, సొరుగు మూలలో గుడ్డలో చుట్టిన కర్పూరం బిళ్ల ఉంది. ఈయన కూడా పూజలు చేస్తారు కాబోలని పక్కింటి ఆంటీ చెంపలు వేసుకోబోయింది. అమ్మ నవ్వేసింది. "పూజక్కాదండీ, పనిముట్లు తుప్పు పట్టకుండా పెడతారు. మా నాన్న పెట్టెలోనూ ఉండేది" అంది. అంటూనే చేతి గ్లౌజులు తీసేసింది. ఆ చలిలో వట్టి చేతులు కోటుకు తుడుచుకుని, "అమ్మడూ, చూడొచ్చా అని అడుగు" అంది నాతో. ఆయన తలూపారు.

అమ్మ ఒక ఆకురాయి తీసింది. ఇనుమును రాపాడించి నునుపు చేసే పనిముట్టు అది. దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియక వేలితో చూపించాను. అమ్మ దాని అంచు మీద బొటనవేలు నడిపించి, "చూశావా, ఒక పక్క పళ్లన్నీ అరగదీసేశాడీయన. మూలలో రుద్దుతున్నప్పుడు పక్కగోడ గీసుకుపోకుండా. కొట్లో ఇలాంటిది దొరకదు, చేసుకోవాల్సిందే" అంది. నాకు సగమే అర్థమైంది గానీ అర్థమైన సగం ఇంగ్లీషులో చెప్పాను. పెద్దాయన కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు.

అమ్మ ఇంకో సొరుగు తెరిచింది. పిడి అరిగిన తీరు చూసి, ఈయనది ఎడమచేతి వాటం కదా అంది. పాడైపోయిన ఆకురాయిని పారెయ్యకుండా సానబట్టి, ఇనుమును గీకే స్క్రేపర్ చేసుకున్నాడని కనిపెట్టింది. ఒక పిడికి పాత సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టి ఉంటే దాన్ని పట్టుకుని కాసేపు వదల్లేదు. మంచులో నిలబడ్డ మిగతావాళ్లంతా కాళ్లు మార్చుకుంటున్నారు. అమ్మకు చలి తెలియడం లేదు. చివరికి, "ఈ పెట్టెలో కొన్నవాటికంటే చేసుకున్నవే ఎక్కువ. ఈయన మామూలు పనివాడు కాదని చెప్పు" అంది. నేను చెప్పాను.

ఆయన నావైపు వంగి, మీ అమ్మకు చెప్పు అంటూ మాట్లాడారు. ముప్పై ఒక్క ఏళ్లలో తనకు కోటుకు పెట్టుకునే బిళ్లలు ఇచ్చారని, గోడగడియారం ఇచ్చారని, ఫ్యాక్టరీ పేరున్న జాకెట్లు ఇచ్చారని, కేకులు కోశారని చెప్పారు. ఇచ్చినవాళ్లు మంచివాళ్లేనట. కానీ ఆ ఆకురాయి అంచు ఎందుకు అలా ఉందని అడిగినవాళ్లు ఒక్కరూ లేరట. ఇది చెబుతున్నప్పుడు ఆయన నాన్న వైపు చూడలేదు. నాన్నే తల దించుకున్నారు.

అప్పుడే ఆయన నన్నొక ప్రశ్న అడిగారు. మీ అమ్మ ఎక్కడ పనిచేసేది అని.

దాన్ని తెలుగులో చెప్పి, అమ్మ ఏమంటుందో విని, ఇంగ్లీషులో చెప్పడం నా పని. అప్పటిదాకా అదే చేశాను. ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం అవసరం లేదనిపించింది. జవాబు నాకు తెలుసు కదా! స్కూల్లో ఎన్నోసార్లు చెప్పిన మాటే అది. "షీ డజంట్ వర్క్" అన్నాను. ఆయన ఆశ్చర్యపోయినట్టు అమ్మ వైపు చూశారు. అమ్మ సొరుగు మూస్తోంది.

తర్వాత ఆమె తనకు తోచినట్టే చేసింది. బోర్డు దగ్గరున్న పసుపు, కుంకుమ తెచ్చి పెట్టెకు బొట్టు పెట్టింది. పెద్దాయన చిన్న సుత్తితో కాయ చుట్టూ నాలుగు దెబ్బలు కొట్టేసరికి అది రెండు చెక్కలై విడిపోయింది. హారతి వెలిగించేందుకు గీసిన అగ్గిపుల్లలు గాలికి ఆరిపోతుంటే నాన్న వచ్చి రెండు చేతులూ అడ్డం పెట్టారు. ఆ హారతి తిరిగింది పార్కింగ్ స్థలానికి కాదు, పెట్టెకు. మేం ఏటా దసరాకు పనిముట్లకు ఇలాగే చేస్తామని నేను చెప్పాను. ఆయన టోపీ తీసి నిలబడ్డారు. చివరికి ఒక కొబ్బరిచెక్క జేబులో పెట్టుకున్నారు. పెట్టెను ట్రక్కులోకి ఎక్కించాలి. వాలుగా పలక వేసి ఆయన లాగారు, నాన్న కింది నుంచి తోశారు. వెళ్లిపోవడానికి సాయం చెయ్యడం తప్ప ఆ నిమిషంలో నాన్నకు ఇంకేం చెయ్యాలో తోచలేదు.

తిరిగి వస్తుంటే కారులో అమ్మ వెనక్కి తిరక్కుండానే, "అమ్మడూ, ఆయన అడిగింది నన్నే కదా?" అంది.

కోపంగా అనలేదు. ఊరికే తెలుసుకోవడానికి అన్నట్టు అంది. అమ్మకు ఆ పాటి ఇంగ్లీషు తెలుసని నేనెప్పుడూ అనుకోలేదు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను. అప్పుడు నాన్న అడిగారు, నీకివన్నీ ఎలా తెలుసని. పెళ్లయిన పదకొండేళ్లకు మొదటిసారి అడిగారు. విజయవాడ ఆటోనగర్‌లో మా తాతయ్యకు లేత్ షాపు ఉండేదని మా అందరికీ తెలుసు. అమ్మ అక్కడికి మధ్యాహ్నం క్యారియర్ తీసుకెళ్లేదని కూడా తెలుసు. క్యారియర్ పెట్టేసి సాయంత్రం దాకా ఏం చేసేదో మాకెవరికీ తెలియదు. తాతయ్యకు చెయ్యి వణకడం మొదలయ్యాక సన్నటి మరలు కోసే పనంతా అమ్మే చేసిందట. గిరాకీ ఎవరైనా వస్తే లోపలి గదిలోకి వెళ్లిపోయేదట. ఆడపిల్ల మిషను మీద పనిచేస్తుందని తెలిస్తే సంబంధాలు రావేమోనని మా అమ్మమ్మ భయం. పనిని చూసి వచ్చినవాళ్లందరూ తాతయ్యనే మెచ్చుకునేవారు. "లోపల కూర్చుని వింటుండేదాన్ని. బాగానే ఉండేదిలే" అంది అమ్మ. బాగానే ఉండేది అన్నప్పుడు ఆమె గొంతు బాగాలేదు. నాకు ఏడుపొచ్చింది గానీ అడగకుండా జవాబు చెప్పినదాన్ని, ఏ ముఖం పెట్టుకుని ఏడవను?

ఆ సాయంత్రం నాన్న భోజనాల బల్ల మీద రిపోర్టు మళ్లీ రాశారు. ఈసారి పేరుతో రాశారు. ఏ రోజు, ఏ ప్రెస్సు దగ్గర, ఏ వైపు చెయ్యి ఆనించారు, ఏమన్నారు, తాను నమ్మక ఎంతసేపు కొలతలు తీశారు, చివరికి ఆయన చెప్పిన చోటికి ఎంత దగ్గరలో పగులు దొరికింది, అన్నీ రాశారు. తాను నమ్మలేదన్న వాక్యం దగ్గర కలం ఆగింది. అమ్మ వెనక నిలబడి చూస్తోంది. ఆ వాక్యం కూడా రాశారు. వరంగల్ అంకుల్ మళ్లీ ఫోన్ చేసి బతిమాలారు. వీసా సంగతి ఆలోచించు, పిల్ల సంగతి ఆలోచించు అన్నారు. పిల్ల ఇక్కడే కూర్చుని చూస్తోందని నాన్న అన్నారు.

సోమవారం నాన్న ఇంటికొచ్చేదాకా అమ్మ పొయ్యి మీద ఏం పెట్టిందో కూడా చూసుకోలేదు. పప్పు మాడింది. నాన్న వచ్చి బూట్లు విప్పుతూ చెప్పారు. మేనేజరు రిపోర్టు రెండుసార్లు చదివి, మొదటే ఎందుకు రాయలేదని అడిగాడట. నాన్న కాలేజీ అలవాటూ చెప్పారు, తర్వాత భయమేసిందనీ చెప్పారు. మేనేజరు గోడ మీది ఫోటోల వైపు చూసి, ఫోన్ చేసి పెద్దాయనకు చెబుతానన్నాడు. ఫోన్ వద్దు, నేనే వెళ్లి చేతికి ఇస్తానన్నారట నాన్న. అంతకుమించి ఏ గొడవా జరగలేదు. మా కాగితాలు వాటి దారిన అవి నడిచాయి. అన్నాళ్లు మేం ఎంత భయపడ్డామో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ ఆ భయం మాత్రం నిజమైనదే. నాన్న కారు మళ్లీ చివరి వరుసకు వెళ్లిపోయింది. తలుపు పక్క చోటు నెలాఖరు దాకా ఖాళీగా ఉండి మంచుతో నిండిపోయింది.

బుధవారం సాయంత్రం నాన్న రిపోర్టు కవరులో పెట్టుకుని పెద్దాయన ఇంటికి బయల్దేరారు. అమ్మనూ నన్నూ కూడా రమ్మన్నారు. వెళ్లేసరికి ఇంటి ముందు ట్రక్కు ఉంది. అందులో ఎర్రపెట్టె అలాగే ఉంది. మూడు రోజులైనా దించలేదు. నాన్న అది చూసి గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. పెద్దాయన వాకిట్లోనే నిలబడి, వెలుతురు కోసం కాగితాన్ని దీపం వైపు తిప్పి, మొదటి నుంచి చివరి దాకా చదివారు. నన్ను నమ్మలేదని కూడా రాశావే అని నవ్వారు. నవ్వుతూనే ముఖం పక్కకు తిప్పుకున్నారు. అంత పెద్దమనిషి కళ్లు తుడుచుకోవడం నేను అంతకుముందు చూడలేదు. ఇది ఎవరెవరు చదువుతారని అడిగారు. అందరూ, భాగాలు చేయించుకునే కార్ల కంపెనీవాళ్లు కూడా అని నాన్న చెప్పారు.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని నావైపు తిరిగారు. తన గ్యారేజీలో పాత లేత్ మిషను ఒకటి ఉందట. మీ అమ్మ చూస్తుందా అని అడిగారు. ఈసారి నేను అమ్మ వైపు తిరిగి ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. చెప్పి ఊరుకోలేదు. ఆయన ఆదివారం అడిగింది కూడా చెప్పాను. "నువ్వెక్కడ పనిచేసేదానివని అడిగారమ్మా. నేను నిన్నడగలేదు" అన్నాను. అమ్మ నా తల మీద చెయ్యి వేసి, ఆయన వైపు చూసి, తన సొంత ఇంగ్లీషులో తనే చెప్పింది.

"మై ఫాదర్ లేత్ షాప్. నైన్ ఇయర్స్. ఐ వర్క్."

గ్యారేజీలో అమ్మ కొంగు బిగించి, జడ కోటు లోపలికి దోపుకుని, మిషను చుట్టూ ఒకసారి తిరిగింది. స్విచ్ ఎక్కడుందో అడిగింది. ఆ తర్వాత నన్నేమీ అడగలేదు. వాళ్లిద్దరికీ మధ్యలో మాట అందించేవాళ్లు అవసరం లేకపోయింది. సన్నటి ఇనుప పొట్టు మెరుస్తూ చుట్టలు చుట్టుకుని కింద పడుతుంటే పెద్దాయన వంగి చూసి తల ఊపడం, అమ్మ ఇంకాస్త లోతు కొయ్యడం, మళ్లీ ఆయన తల ఊపడం. నాన్న నా పక్కన నిలబడి, పెళ్లయిన ఇన్నేళ్లలో ఎన్నడూ చూడని మనిషిని చూస్తున్నట్టు అమ్మను చూశారు. నేనూ అలాగే చూశాను.

పెద్దాయన తన కాగితం వెనక్కి తీసుకున్నారు. తర్వాతి సోమవారం ఎర్రపెట్టె ఫ్యాక్టరీలోకి తిరిగి వెళ్లింది. ఆయన మరో అయిదేళ్లు చేశారు. నాన్న పొద్దున్నే వెళ్లగానే ఆయన పక్కన నిలబడి, ప్రెస్సు మీద చెయ్యి ఆనించి, ఇప్పుడేం వినిపిస్తోందో చెప్పమని అడిగేవారు. చివరికి నాన్నకూ కొంచెం వినబడటం మొదలైంది. ఆ అయిదేళ్లే ఉద్యోగంలో తనకు బాగా ఇష్టమైన కాలమని నాన్న అంటారు. అంతకుముందు జీతం కోసం వెళ్లేవారు, ఆ తర్వాత పని కోసం వెళ్లారు. మా గ్రీన్ కార్డులు వచ్చాక అమ్మ ఊళ్లో ఒక చిన్న టూల్ షాపులో చేరింది. పెద్దాయన సిఫారసు చేశారు. దరఖాస్తు నింపింది నేనే. వెనకటి అనుభవం అన్న చోట ఏం రాయాలో అమ్మనడిగి, ఆమె ఒక్కో మాటా చెబుతుంటే రాశాను.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. పాతికమంది ఇంజినీర్లు ఉన్న టీమును చూసుకుంటున్నాను. మంచి పని చేసినవాళ్లకు ఫోన్లో చప్పట్ల బొమ్మలు పంపించే పద్ధతి మా ఆఫీసులో ఉంది. నక్షత్రాలు ఇవ్వొచ్చు, నెలకొకరి ఫోటో తెర మీద వేయొచ్చు. వాటిని నేను వెక్కిరించను. బోర్డు మీద పేరు చూసుకుని మా ఇల్లు ఎంత మురిసిపోయిందో నాకు తెలుసు. కానీ నక్షత్రం ఇచ్చేముందు కుర్చీ లాక్కుని ఆ మనిషి పక్కన కూర్చుంటాను. మొన్న వేసవిలో మా టీములో కొత్తగా చేరిన గుంటూరు అమ్మాయి రాజీనామా చేస్తానని వచ్చింది. "అక్కా, జీతం ప్రాబ్లమ్ కాదు. నేను లేకపోయినా ఎవరికీ తెలీదేమో అనిపిస్తోంది" అంది. ఆ పిల్లకు నేనప్పటికి నాలుగుసార్లు చప్పట్ల బొమ్మలు పంపించి ఉన్నాను. సిగ్గేసింది. పద, నువ్వు చేసింది చూపించు అన్నాను. రెండు గంటలు చూపించింది. బ్రేకులను పరీక్షించే ప్రోగ్రాములో ఎవరూ చెప్పకుండానే తనంతట తాను కట్టుకున్న జాగ్రత్తలు అన్నీ ఇన్నీ కావు. ఎందుకిలా చేశావని అడిగినప్పుడల్లా ఆ పిల్ల ముఖం వెలిగింది. రాజీనామా సంగతి ఆ తర్వాత తనే ఎత్తలేదు.

నేనేదో గొప్ప మేనేజరునని చెప్పుకోవడానికి ఇదంతా రాయలేదు. అడిగి తెలుసుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఒకరి పని గురించి నోరు తెరిచే ముందు ఇప్పటికీ ఆ మంచులో నిలబడ్డ పదేళ్ల పిల్ల నాకు అడ్డం వస్తుంది. జవాబు తనకు తెలుసనుకుని, పక్కనే ఉన్న మనిషిని అడగకుండా, ఆమె ఏ పనీ చెయ్యదని చెప్పేసిన పిల్ల. ఆ మనిషి మా అమ్మ. అందుకే ముందు అడుగుతాను.